బాపు తలకు ఊలు టోపీ: నా మొదటి అల్లిక డైరీ

నవంబర్ 8, శనివారం

నిన్న రాత్రి బాపు ఫోన్ చేసినప్పుడు వెనకాల ట్రాక్టర్ల చప్పుడు వినిపించింది. పత్తి తీసుకుని ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు వెళ్ళాడు. బండ్ల వరుస పొడుగ్గా ఉందని, రాత్రికి ట్రాలీలో పత్తి మీదే పడుకుంటున్నానని చెప్పాడు. "చలి లేదా బాపూ?" అంటే, "ఉంటది గదా బిడ్డా, రుమాలు సుట్టుకున్న" అన్నాడు.

మా వైపు చలి ఎట్లా ఉంటుందో హైదరాబాద్‌లో చెబితే చాలామంది నమ్మరు. చలిగాలులు వీచే రోజుల్లో ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున పది డిగ్రీల కంటే కిందికి దిగడం మామూలే. పత్తి అమ్మకాలూ ఆ రోజుల్లోనే ఉంటాయి. మంచుకు పత్తి తేమ పడుతుంది. తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత మొదలవుతుంది, 12 దాటితే ఆ ధరకు కొనరు. అందుకే బండి మీద పట్టా కప్పి, ఎండ ఎక్కేదాకా పక్కనే కాపలా కూర్చుంటారు. పత్తి మీద పట్టా ఉంటుంది, బాపు తల మీద పలచటి రుమాలు ఉంటుంది.

ఇప్పటికి రెండు మంకీ క్యాపులు కొనిచ్చాను. రెండూ ఇంట్లో కొయ్యకు వేలాడుతున్నాయి. నోటి దాకా మూసుకుపోతుందని, చాయ్ తాగాలన్నా ఎవరితో మాట్లాడాలన్నా గుంజి కిందికి లాగాల్సి వస్తుందని వేసుకోడు. ఆయన మాటలో న్యాయముంది. నుదురు, చెవులు కప్పి, చేత్తో లాగితే వచ్చేసేంత తేలికగా ఉండే టోపీ కావాలి. అలాంటిది నేనే అల్లాలని ఈ రోజు నిర్ణయించుకున్నాను. ఇంతకు ముందు నేనెప్పుడూ అల్లిక సూదులు పట్టలేదు.

పక్క ఫ్లాట్ ఆంటీది హిమాచల్. అంకుల్ సైన్యంలో పనిచేసి రిటైరయ్యాక వాళ్ళు ఇక్కడే, సైనిక్‌పురిలో ఉండిపోయారు. చలికాలం మధ్యాహ్నాలు ఆమె బాల్కనీలో కూర్చుని ఏదో ఒకటి అల్లుతూనే ఉంటుంది. నేర్పిస్తారా అని అడిగితే, "ముందు ఊలు, సూదులు తెచ్చుకో బేటా, తర్వాత మాటలు" అంది.

నవంబర్ 9, ఆదివారం

ఉదయమే సికింద్రాబాద్ జనరల్ బజార్ వెళ్ళాను. టోపీ ఎలా అల్లాలో కొత్తవాళ్ళ కోసం రాసిన ఒక అమెరికా నమూనా కాగితం నా దగ్గర ఉంది. మధ్యరకం మందం ఊలు, 8 నంబర్ సూదులు, 90 కుట్లు అని అందులో ఉంది. దుకాణంలో అదే చెప్పి, 8 నంబర్ సూదుల జత తీసుకున్నాను. (ఈ సంగతి గుర్తుంచుకోండి. వారం రోజుల పని పోవడానికి కారణం ఇదే.)

ఊలు ఎంచుకోవడానికే ఎక్కువసేపు పట్టింది. మాకు ఊలు అంటే ముందు గుర్తొచ్చేది గొంగడి. దక్కని గొర్రెల ఉన్ని వడికి కురుమలు నేసే నల్ల గొంగడి బాపుకు ఇప్పటికీ ఒకటి ఉంది. దాని వెచ్చదనానికి సాటి లేదు, వాన చినుకులు కూడా తొందరగా లోపలికి దిగవు. కానీ ఆ ఉన్ని గరుకు. భుజం మీద బాగుంటుంది, నుదుటి మీద దురద పెడుతుంది. పూర్తి ఉన్ని మెత్తగా ఉన్నది ఖరీదు, పైగా వేడి నీళ్ళలో వేసి రుద్దితే ముడుచుకుపోతుంది. మా ఇంట్లో బట్టలుతికే తీరు నాకు తెలుసు. అందుకని ఉన్ని, యాక్రిలిక్ కలిసిన మెత్తటి దారం తీసుకున్నాను. ఉండ 100 గ్రాములు.

రంగు దగ్గర నలుపు మీదికే చేయి పోయింది, మాయదు కదా అని. ఆంటీ ముందే హెచ్చరించింది: మొదటిసారి అల్లేవాళ్ళు నలుపు, ముదురు నీలం ముట్టుకోకూడదు, కుట్లు కంటికి కనబడవు, లెక్క పెట్టలేం. నలుపు వద్దనడానికి నాకు ఇంకో కారణమూ ఉంది. పత్తి యార్డులో తిరిగే మనిషి తల మీద దూది పోగులు అంటుకుంటూనే ఉంటాయి, నల్ల టోపీ అయితే గంటలో తెల్లబడుతుంది. లేత బూడిద రంగు తీసుకున్నాను. కుట్లు కనిపిస్తాయి, దూది కనిపించదు.

ఒక ఉండ సరిపోతుందని తెలిసినా రెండు కొన్నాను. రెండింటి లేబుళ్ళ మీదా లాట్ నంబర్ ఒకటేనా అని చూసుకుని మరీ తీసుకున్నాను. రంగు పేరు ఒకటే అయినా వేరే సారి అద్దకం వేసినదైతే ఛాయ కాస్త తేడాగా ఉంటుంది, ఆ తేడా అల్లాక గీత గీసినట్టు కనిపిస్తుంది.

సాయంత్రం మొదటి పాఠం. సూదికి కుట్లు ఎక్కించడం, తర్వాత సీదా, ఉల్టా. నిట్, పర్ల్ అంటారు చాలామంది. మా ఊళ్ళోనూ సీదా, ఉల్టా రోజూ వాడే మాటలే కాబట్టి ఆంటీ అన్నట్టే నేనూ అంటున్నాను. సీదా వేసేటప్పుడు దారం సూది వెనక ఉంటుంది, ఉల్టాకి ముందుకు తెచ్చుకోవాలి. సీదా కుట్టు ఎదురుగా చూస్తే 'వి' ఆకారంలో, ఒకదాని మీద ఒకటి పేర్చితే జడ అల్లినట్టు కనిపిస్తుంది. ఉల్టా కుట్టు చిన్న అడ్డ బుడిపెలా ఉంటుంది. నిజానికి రెండూ ఒకే కుట్టుకు ముందు వెనకలు. ఇది అర్థమైన క్షణం నుంచి నాకు భయం పోయింది.

నవంబర్ 12, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చాక రోజుకు గంట చొప్పున కూర్చుంటున్నాను. మొదటి రోజు 90 కుట్లు ఎక్కిస్తుంటే 78 దగ్గర తోక దారం అయిపోయింది. ఈ పద్ధతిలో ఉండ నుంచి వచ్చే దారంతో పాటు ముందు వదిలిన తోక కూడా ఖర్చవుతుంది. మొత్తం తీసేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆంటీ చెప్పిన కొలత ఇది: సూది చుట్టూ దారాన్ని పది చుట్లు చుట్టి, విప్పి కొలవాలి. పది కుట్లకు అంత. దాన్ని తొమ్మిదితో హెచ్చవేసి, పైన ఇంకో జానెడు.

ఇప్పుడు చేస్తున్నది అంచు. రెండు సీదా, రెండు ఉల్టా, మళ్ళీ రెండు సీదా. రిబ్ అంటారు. సీదా కుట్లు ముందుకు, ఉల్టా కుట్లు వెనక్కి తోసుకుంటాయి కాబట్టి బట్ట దానంతటదే దగ్గరికి ముడుచుకుని, లాగితే సాగుతుంది. తల మీద టోపీ నిలిచేది దీని వల్లనే.

ఈ రోజు లెక్క పెడితే 94 కుట్లు వచ్చాయి. నాలుగు ఎక్కడి నుంచి వచ్చాయో అర్ధగంట వెతికాను. ఉల్టా నుంచి సీదాకు మారేటప్పుడు దారాన్ని వెనక్కి తీసుకుపోవడం మరిచిపోతే, అది సూది మీదుగా వచ్చి కొత్త కుట్టులా కూర్చుంటోంది. కింద చిన్న కన్నం కనిపిస్తుంది, అదే ఆనవాలు. అప్పటి నుంచి ప్రతి వరుస చివరా లెక్క పెడుతున్నాను. విసుగు పనే. కానీ ఒక వరుస విప్పడం ఐదు నిమిషాలు, పది వరుసలు విప్పడం ఒక సాయంత్రం.

నవంబర్ 15, శనివారం

అంచు 20 వరుసలు అయింది. పైన సాదా అల్లిక మొదలుపెట్టి, అంటే ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టాగా, ఎనిమిది వరుసలు వేశాను. ఎందుకో చిన్నగా కనిపించింది. అంచు ముడుచుకుంటుంది కదా, అందుకే అనుకుని రెండు రోజులుగా నన్ను నేను సమాధానపరచుకుంటున్నాను.

ఆంటీ చూసి, కుట్లన్నీ మొద్దు సూదితో ఒక పొడుగాటి నూలు దారం మీదికి ఎక్కించమంది. అలా చేస్తే సూది అడ్డం లేకుండా తలకు పెట్టి చూసుకోవచ్చు. పెట్టుకున్నాను. అంచు సాగింది, సాదా భాగం సాగలేదు. నుదుటి మీద గట్టిగా పట్టేసింది, తీశాక ఎర్రగా గీత పడింది. బల్ల మీద పరచి కొలిస్తే వెడల్పు 41 సెంటీమీటర్లు. నా తలకే పట్టని టోపీ బాపుకు ఎట్లా పడుతుంది?

"ఏ సూదులివి?" అంది ఆంటీ. ఎనిమిది నంబర్ అన్నాను. సూదిని కంటికి దగ్గరగా పట్టుకుని చూసి, ఇవి 4 మిల్లీమీటర్లవి అంది.

తప్పు అప్పుడు తెలిసింది. మన దుకాణాల్లో అల్లిక సూదుల నంబర్లు పాత బ్రిటిష్ లెక్క ప్రకారం నడుస్తాయి. అందులో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 6 అంటే 5 మిల్లీమీటర్లు, 7 అంటే నాలుగున్నర, 8 అంటే 4, 10 అంటే మూడుంపావు. అమెరికా లెక్క దీనికి తలకిందులు, నంబర్ పెరిగితే లావు పెరుగుతుంది. అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. నా కాగితం అమెరికాది, నా సూదులు ఇక్కడివి. నేను అడగాల్సింది 6 నంబర్.

ఇంకో మాట కూడా ఉంది. ఊలు లేబుల్ మీద చిన్న చదరం బొమ్మ, దాని పక్కన అంకెలు ఉన్నాయి. 10 సెంటీమీటర్ల చదరానికి 18 కుట్లు, 24 వరుసలు, సూది 5 మిల్లీమీటర్లు అని. కొన్న రోజే అది నా చేతిలో ఉంది. లాట్ నంబర్ చూసుకున్నాను, దాన్ని చూడలేదు. మీరు మొదటిసారి కొంటుంటే దుకాణంలో నంబర్ చెప్పకండి, మిల్లీమీటర్లు చెప్పండి. ఆ కొలత ఏ దేశంలోనైనా ఒకటే.

నవంబర్ 16, ఆదివారం

మొత్తం విప్పేశాను. లాగుతుంటే వారం పని రెండు నిమిషాల్లో దారమైపోయింది. బాధ వేసింది, దాచుకోను. విప్పిన దారం వంకర్లు తిరిగి ఉంటుంది, అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపుకు చిలపలా చుట్టి, నాలుగు చోట్ల దారంతో వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో అద్ది ఆరేశాను.

ఈసారి రెండో ఉండతో, 6 నంబర్ సూదులతో ముందు నమూనా ముక్క వేశాను. 26 కుట్లు, నాలుగు వేళ్ళ కంటే కాస్త ఎక్కువ ఎత్తు. దాన్ని తడిపి, ఆరబెట్టి, అంచుల దగ్గర కాకుండా మధ్యలో స్కేలు పెట్టి లెక్కించాను. 10 సెంటీమీటర్లకు సరిగ్గా 18 కుట్లు. పాత ముక్కలో ఎన్నున్నాయో విప్పకముందే లెక్కపెట్టుకున్నాను, 22. పది సెంటీమీటర్లలో నాలుగు కుట్ల తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. టోపీ చుట్టూ తిరిగేసరికి అది తొమ్మిది సెంటీమీటర్లయింది.

చేతి బిగువు అనేది మనిషి మనిషికీ వేరు. ఇదే సూదులు, ఇదే ఊలుతో ఆంటీ అల్లితే 19 వచ్చాయి. కాబట్టి ఎవరి టోపీలోని కుట్ల సంఖ్య ఇంకొకరికి పూర్తిగా పనికిరాదు. ఈ మాట నమూనాల్లో చిన్న అక్షరాల్లో రాస్తారు, నన్నడిగితే అన్నిటికంటే పైన రాయాలి.

బాపు తల కొలత కూడా ఇప్పటిదాకా తీసుకోలేదు. అమ్మకు ఫోన్ చేస్తే, "రెండున్నర జానలుంటది" అంది. ఎవరి జానమ్మా అంటే తనదట. టేపుతో కావాలని బతిమాలితే, పక్కింటి టైలర్ దగ్గర టేపు తెచ్చి, కనుబొమల పైనుంచి, చెవుల మీదుగా, వెనక ఉబ్బుగా ఉండే చోటు కలుపుకుని కొలిచింది. ఇరవై రెండున్నర అంగుళాలు. అంటే 57 సెంటీమీటర్లు. అమ్మ జాన అరంగుళం కూడా తప్పలేదు, తర్వాత ఇంటికి వెళ్ళి కొలిచి చూశాను.

టోపీ తలంత ఉండకూడదు. అల్లిక సాగుతుంది కాబట్టి కాస్త తక్కువ ఉంటేనే పట్టి ఉంటుంది. 57లో ఏడు తగ్గించి 50 పెట్టుకున్నాను. సెంటీమీటరుకు 1.8 కుట్లు, 50 సెంటీమీటర్లకు 90. కాగితంలో ఉన్నదీ అదే సంఖ్య. కానీ ఇప్పుడు ఆ 90 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

నవంబర్ 19, బుధవారం

మళ్ళీ ఎక్కించాను. ఈసారి తోక దారం రెండు మీటర్లు వదిలాను. ఇంకో మార్పు కూడా చేశాను. రెండు సూదులు కలిపి పట్టుకుని, వాటి మీద కుట్లు ఎక్కించి, అయ్యాక ఒక సూది లాగేశాను. దీని వల్ల మొదటి వరుస వదులుగా వచ్చింది. కొత్తవాళ్ళకు చేయి బిగుసుకుంటుంది, ఎక్కించేటప్పుడు బిగిస్తే ఆ అంచు తర్వాత ఏం చేసినా సాగదు.

రెండు, రెండు రిబ్‌కి 90 ఎందుకు బాగుంటుందో ఈ రోజు అర్థమైంది. రెండు సీదాలతో మొదలుపెట్టి, తర్వాత 'రెండు ఉల్టా, రెండు సీదా' 22 సార్లు వేస్తే 90 వస్తుంది, చివర కూడా రెండు సీదాలతోనే ముగుస్తుంది. టోపీ వెనక కుట్టి కలిపేటప్పుడు రెండు వైపులా ఒక్కో కుట్టు లోపలికి పోతుంది. మిగిలిన ఒకటీ ఒకటీ కలిసి రెండు సీదాలవుతాయి. అతుకు ఎక్కడుందో తెలియకుండా గీతలు గుండ్రంగా తిరిగిపోతాయి. వెనక్కి తిరిగే వరుసలో మాత్రం రెండు ఉల్టాలతో మొదలుపెట్టాలి. మరిచిపోతే ఎడమ సూది మీద మీకు ఎదురుగా ఉన్న కుట్టును చూడండి. జడలా ఉంటే సీదా, బుడిపెలా ఉంటే ఉల్టా. కాగితం చూడాల్సిన పనే లేదు.

నవంబర్ 23, ఆదివారం

అంచు 24 వరుసలు పూర్తయింది, 10 సెంటీమీటర్లు. ఇందులో సగం పైకి మడత పెడతాం. అల్లిక బట్టలో కన్నాలుంటాయి, గాలి లేనప్పుడు వాటిలో నిలిచిన గాలే వెచ్చగా ఉంచుతుంది. ఎదురుగాలి కొడితే ఆ వెచ్చటి గాలి కొట్టుకుపోతుంది. అందుకే చెవుల మీద రెండు పొరలు ఉండాలని మడత పెట్టుకున్నాను. ఒంట్లో వేడి అంతా తల నుంచే పోతుందని అంటుంటారు. అది నిజం కాదు, ఒంటి మొత్తంలో తల వాటా పదో వంతుకు మించదు. కానీ స్వెట్టర్, గొంగడి అన్నీ కప్పుకుని తల ఒక్కటే వదిలేస్తే, చలి పట్టేది అక్కడే. చెవులకైతే కాపాడుకోవడానికి కొవ్వు కూడా పెద్దగా ఉండదు.

ఈ రోజు సాదా అల్లికలో ఆరో వరుసలో ఒక కుట్టు సూది నుంచి జారి, చూస్తుండగానే నాలుగు వరుసల కిందికి నిచ్చెనలా దిగిపోయింది. చెయ్యి వణికింది. ఆంటీ ఇంట్లో లేదు. అల్లిక కదపకుండా బల్ల మీద పెట్టి, ముందుగా జారిన కుట్టుకు ఒక సేఫ్టీ పిన్ను గుచ్చాను, ఇంకా జారకుండా. తర్వాత క్రోషియా కొక్కెం తీసుకుని, కుట్టులోంచి దూర్చి, పైనున్న అడ్డ దారాన్ని పట్టి లోపలి నుంచి లాగాను. ఒక మెట్టు ఎక్కింది. అలా నాలుగు మెట్లు ఎక్కించి సూదికి తగిలించాను. జడ వైపు నుంచే చేయాలి, బుడిపెల వైపు నుంచి చేస్తే తప్పుగా వస్తుంది. అయ్యాక ఎక్కడ జారిందో నాకే కనిపించలేదు. విప్పకుండా ఒక తప్పును సరిచేసుకోవడం ఇదే మొదటిసారి. ఆ రాత్రి ఎంత సంతోషంగా పడుకున్నానో చెప్పలేను.

నవంబర్ 29, శనివారం

సాదా భాగం 22 వరుసలయింది, 9 సెంటీమీటర్లు. దీని గురించి రాయడానికేం లేదు. అటు సీదా, ఇటు ఉల్టా. వార్తలు వింటూ అల్లాను.

ఈ రోజు నుంచి పైభాగం తగ్గించడం. చివర్లలో ఒక్కో కుట్టు అతుకు కోసం పక్కన పెడితే 88 మిగులుతాయి, ఎనిమిది భాగాలు చేస్తే భాగానికి 11. ప్రతి భాగంలో తొమ్మిది కుట్లు మామూలుగా వేసి, చివరి రెండు కలిపి ఒకటిగా వేయాలి. వరుసకు ఎనిమిది కుట్లు తగ్గి 82 అవుతాయి. వెనక్కి వచ్చే వరుస మొత్తం ఉల్టా, అందులో తగ్గింపు లేదు. తర్వాతి సీదా వరుసలో ఎనిమిది మామూలుగా, రెండు కలిపి ఒకటి, 74. ఇలా 66, 58, 50, 42, 34, 26, 18, చివరికి 10. పది తగ్గింపు వరుసలు, ఒక్కోదాని తర్వాత ఒక ఉల్టా వరుస, మొత్తం ఇరవై. ఎత్తు 8 సెంటీమీటర్లు.

లెక్క కాగితం మీద రాసి గోడకు అంటించాను, ఒక్కో వరుస అవగానే టిక్ పెడుతున్నాను. 58 దాకా వచ్చి ఆపాను. తగ్గింపులన్నీ ఒకే వైపుకు వాలుతుండడంతో ఎనిమిది గీతలు మెలి తిరుగుతూ పైకి పోతున్నాయి. పిల్లల తలలో సుడి ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. అది నేను అనుకుని చేసింది కాదు, లెక్కలోంచి వచ్చింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

డిసెంబర్ 6, శనివారం

పూర్తయింది.

చివరి పది కుట్లు మిగిలాక దారాన్ని అర మీటరు వదిలి కత్తిరించి, మొద్దు సూదికి ఎక్కించి, ఆ పది కుట్లలోంచి రెండుసార్లు తిప్పి గట్టిగా లాగాను. నెత్తి మీద కన్నం సంచి మూతిలా మూసుకుపోయింది. ఒక్కసారే తిప్పితే కొన్నాళ్ళకు వదులవుతుందట.

ఆ తోకతోనే వెనక అతుకు. బయటి వైపు నుంచి, రెండు అంచుల్లోనూ మొదటి కుట్టుకూ రెండో కుట్టుకూ మధ్య కనిపించే అడ్డ దారాన్ని ఒకటి ఇటు, ఒకటి అటు ఎత్తుకుంటూ పోవాలి. ఆరేడు ఎత్తుకున్నాక లాగితే రెండు అంచులూ కలుసుకుని అతుకు మాయమవుతుంది. అంచు చివరి 5 సెంటీమీటర్ల దగ్గర ఆగి, టోపీని తిరగేసి, లోపలి వైపు నుంచి అదే పని చేశాను. మడత పెట్టినప్పుడు ఆ భాగం బయటికి వస్తుంది కదా, లేకపోతే అతుకు వెన్ను అందరికీ కనిపిస్తుంది. ఈ ఒక్క చిట్కాకే ఆంటీకి మిఠాయి డబ్బా ఇచ్చాను.

గోరువెచ్చని నీళ్ళలో ముంచి, తువ్వాల్లో చుట్టి అద్ది, అన్నం గిన్నె బోర్లించి దాని మీద ఆరబెట్టాను. ఇస్త్రీ పెట్టకూడదు. యాక్రిలిక్ వేడికి చచ్చుబడి, సాగే గుణం పోగొట్టుకుంటుంది, మళ్ళీ రాదు. ఆరాక కొలిస్తే చుట్టుకొలత 49. అతుకులో రెండు కుట్లు పోయాయి, అదే ఆ సెంటీమీటరు. మడత పెడితే ఎత్తు 22. వంటింటి త్రాసులో 82 గ్రాములు తూగింది.

డిసెంబర్ 14, ఆదివారం

నిన్న ఇంటికి వచ్చాను. బాపు చేతులు కడుక్కుని వచ్చి మరీ పట్టుకున్నాడు. తిప్పి, లోపల చూసి, సుడి మీద వేలు పెట్టి, "ఇది నువ్వే అల్లినవా?" అన్నాడు. పెట్టుకుంటే సరిగ్గా కూర్చుంది, చెవులు పూర్తిగా మూసుకున్నాయి. తీశాక నుదురు చూశాను. గీత పడలేదు.

ఈ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయనతో పాటు లేచాను. పొగమంచులో చేను కూడా కనిపించడం లేదు. బాపు మడతను విప్పి, అంచును కనుబొమల దాకా, వెనక మెడ సగం దాకా లాగేసుకున్నాడు. నేను చెవుల మీద రెండు పొరలు ఉండాలని మడత పెట్టాను, ఆయనకు మెడ వెనక చలే ఎక్కువ. ట్రాలీలో వెనక్కి ఆనుకున్నప్పుడు అతుకు గుచ్చుకుంటోందని టోపీని కొంచెం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాతిది అతుకు లేకుండా, తీగతో కలిసి ఉండే గుండ్రటి సూదుల మీద అల్లాలి. అంచు కూడా ఇంకో రెండు సెంటీమీటర్లు పొడుగు పెంచాలి.

డిసెంబర్ 21, ఆదివారం

రాత్రి బాపు యార్డు నుంచి ఫోన్ చేశాడు. వెనకాల అవే ట్రాక్టర్లు.

"టోపీ ఉందా బాపూ?"

"నెత్తి మీదనే ఉంది. గని బిడ్డా, పక్క బండాయన అడుగుతుండు. ఆయనకు గూడ ఒకటి అల్లిస్తవా?"

"అల్లిస్త. ఆయన తల కొలత కావాలె. జానతోని చెప్పకు."

"తెల్వదా నాకు? పత్తి సంచి కట్టే దారం ఉంటే దాంతోని కొలిచిన. ముడి వేసి జేబుల పెట్టుకున్న. నువ్వు వచ్చినప్పుడు ఇస్త."